మధ్యలో స్తంభాలు లేని షెడ్డు

ఈ రోజుల్లో పశువుల షెడ్డు ఎంచుకోవడం చీర ఎంచుకున్నట్టే అయింది. ఫోన్లో బొమ్మలు ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోతారు. ఎక్కడో వేలు ఆగుతుంది. ఇదిగో, ఇలాంటిది కావాలంటారు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నా సరే, ఆదివారం చర్చి గుమ్మం దిగుతుంటే ఎవరో ఒక కుర్రాడు ఫోన్ నా కళ్ళ ముందు పెడుతూనే ఉంటాడు. "ఆంటీ, మా దొడ్లో ఇది వేయించుకుంటే ఎలా ఉంటుందంటారు?" అని అడుగుతాడు. బొమ్మ బాగానే ఉంటుంది. బొమ్మలెప్పుడూ బాగానే ఉంటాయి. ఆ షెడ్డులో రోజూ ఎవరు తిరుగుతారు బాబూ అని నేను అడుగుతాను. వాడు తెల్లమొహం వేస్తాడు. నేనెందుకలా అడుగుతానో వాడికి గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గుడివాడ శివార్లలో ఇనుప షెడ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. నాది సివిల్ డిప్లొమా. పేరుకి డ్రాయింగులు గీసే పనే గాని, సగం రోజులు బస్సుల్లోనే ఉండేదాన్ని. స్థలం చూడాలి, నేల చూడాలి, గాలి ఎటునుంచి కొడుతుందో కనుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఇంటివాళ్ళ మంచం మీద కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, వాళ్ళకి నిజంగా ఏం కావాలో వాళ్ళ నోట చెప్పించాలి. ఆ చివరిది ఏ పాలిటెక్నిక్‌లోనూ నేర్పరు. రైతుకి అవసరమైంది ఒకటుంటుంది, పైకి చెప్పేది ఇంకోటుంటుంది. ఊళ్ళో నలుగురూ చూడాలనుకునేది మరొకటి. డ్రాయింగ్‌లో చాలావరకు ఈ మూడోదే గీయించుకుంటారు.

దివిసీమలో, కోడూరు వైపు ఒక ఊరి నుంచి కబురొచ్చింది. గేదెలకీ గడ్డికీ ట్రాక్టరుకీ కలిపి ఒకే షెడ్డు కావాలట. వెళ్ళాను. ఇంటాయన గిలకలదిండి మనిషి. పుట్టి పెరిగింది బందరు రేవులో. సొంత బోటుతో సముద్రం మీద బతికినవాడు. గుండెకి స్టెంటు వేశాక డాక్టర్లు ఇక వేటకి వెళ్ళొద్దన్నారు. బోటు అమ్మేసి, భార్యకి పుట్టింటివాళ్ళిచ్చిన పొలం మీదికి వచ్చి కాపురం పెట్టాడు. ఆ పొలం ఆవిడది, ఇల్లు ఆవిడది, గేదెలు ఆవిడ అమ్మ పెంచినవి. రేవులో అందరి చేతా ఓనరుగారూ అనిపించుకున్న మనిషి యాభై దాటాక ఈ ఊరికి అల్లుడుగారయ్యాడు. కిళ్ళీ కొట్టువాడు కూడా అల్లుడుగారూ అనే పిలిచేవాడు. మర్యాదగానే పిలిచేవాడు గాని, ఆయన మొహం చూస్తే ఆ మర్యాద కొరుకుడు పడలేదని తెలుస్తూనే ఉండేది.

ఆయన నాకు ఫోన్లో వీడియో చూపించాడు. ఏదో చలిదేశంలోది. ఎర్రరంగు, తెల్ల అంచులు, చర్చి అంత ఎత్తు, నాలుగు వైపులా మూసేసిన గోడలు. తలుపులు తెరిస్తే లోపల ఒక్క స్తంభం కూడా లేకుండా మైదానంలా ఉంది. అచ్చం ఇలాగే కావాలన్నాడు. మన ఎండకి నాలుగు పక్కలా రేకు కడితే గేదెలు ఉడికిపోతాయని, మన గాలికి ఆ కప్పు ఆకారం పనికిరాదని చెప్పాను. విన్నాడు. మూర్ఖుడేం కాదు. గోడలు వదులుకున్నాడు, కప్పు ఆకారం వదులుకున్నాడు, రంగు కూడా పోనిమ్మన్నాడు. ఎత్తు దగ్గర మాత్రం తగ్గనన్నాడు. మధ్యలో స్తంభాలూ ఒద్దన్నాడు.

"రోడ్డు మీంచి చూస్తే కనపడాలండి. లోపల ట్రాక్టరు తిప్పుకుంటే ఎక్కడా తగలకూడదు. అంతేనండి నాకు."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. మీకెలా కావాలమ్మా అని అడిగాను. ఆయన ఇష్టమేనండి అంది. ఆ మాట ప్రతి ఇంట్లోనూ వినేదే గనక, టీ గ్లాసు ఇవ్వడానికన్నట్టు వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది. ఆవిడకి కావలసింది పొట్టి షెడ్డు. గేదెలని కట్టేసుకోడానికి మధ్యలో రెండు వరసల స్తంభాలుంటే చాలట. పెద్ద షెడ్డు ఊడ్చుకోలేక చావాలి అని నవ్వింది కూడా. మరి ఆ మాట ఆయనతో చెప్పకూడదా అన్నాను.

"సముద్రం వదిలేసొచ్చాడండి మనిషి. ఇదొక్కటి అడిగాడు. ఏయించుకోనీండి."

 ఆవిడ ఎంచుకోలేక ఊరుకుందని కొందరనుకుంటారు. కాదు. ఆవిడ అన్నీ తెలిసే ఆయన షెడ్డుని ఎంచుకుంది. నేను ఎత్తయిన షెడ్డే గీశాను. గట్టి డిజైనే. అది నిలబడ్డాక ఏ గాలికీ చలించేది కాదని ఇప్పటికీ చెప్పగలను. కాకపోతే అది నిలబడ్డాక మాట.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. ఇలాంటి షెడ్డుకి ముందు ఫ్రేములు నిలబెడతారు. అటొక కాలు, ఇటొక కాలు, పైన రెండు వాలు దూలాలు కలిపితే ఒక ఫ్రేము. చూడ్డానికి తలుపుల్లేని పెద్ద ద్వారబంధంలా ఉంటుంది. అలాంటి ద్వారాలు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెట్టాక, వాటిని కలుపుతూ అడ్డకడ్డీలు, ఏటవాలు రాడ్లు బిగిస్తారు. అవి బిగిసేదాకా ఆ ఫ్రేములు ఒకదానికొకటి ఏమీ కావు. కింద బోల్టులున్నా, ముందుకీ వెనక్కీ పడకుండా పట్టుకునేవి తాళ్ళే. వరస మొదట్లో ఫ్రేముకి ఒక పెద్ద తాడు, చివర ఫ్రేముకి ఒక పెద్ద తాడు, నేలలోకి దిగ్గొట్టిన ఇనుప మేకులకి కడతారు. మధ్యవాటికి చిన్న తాళ్ళు. అడ్డకడ్డీలు పూర్తిగా పడేవరకు ఆ తాళ్ళని ఎవరూ ముట్టుకోకూడదు.

ఫ్రేములు నిలబెట్టే ముఠాకి మేస్త్రి పామిడిముక్కల దగ్గర పల్లెటూరివాడు. నాకంటే చిన్నవాడే గాని, మా కంపెనీలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాడు. తాళ్ళు కట్టేటప్పుడు మాత్రం ఎవరినీ నమ్మేవాడు కాదు, తనే కట్టేవాడు. మిగతా సమయాల్లో జోకులేస్తూ ఉండేవాడు. ఆ పూట కూడా ఇంటాయన్ని ఆట పట్టిస్తున్నాడు. "అల్లుడుగారూ, ఈ ఎత్తు సరిపోద్దా, ఇంకాస్త లేపమంటారా? బందరు లైటుహౌసు చిన్నబోవాలి మరి." ఆయన నవ్వాడు. ఆ ఊరొచ్చాక ఆ పిలుపుకి ఆయన నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. ఫ్రేములన్నీ లేచి నిలబడ్డాయి. రోడ్డు మీద సైకిళ్ళు ఆపి జనం చూస్తున్నారు. ఆయన అటూ ఇటూ తిరుగుతూ ప్రతి కాలినీ అరచేత్తో తడుముకుంటున్నాడు.

మధ్యాహ్నానికి ముందు చిలకలపూడి నుంచి ఆయన చెల్లెలు, బావ కారులో వచ్చారు. వాళ్ళకి రోల్డుగోల్డు పని. అన్న కట్టిస్తున్న షెడ్డు చూద్దామని వచ్చారు. నేను అప్పుడు వెనక వైపు బోల్టుల దగ్గరున్నాను. మేస్త్రి పైన నిచ్చెన మీద ఉన్నాడు. కారు లోపలికి రావడం, ఇంటి పక్కన నీడలో ఆగడం మాత్రం చూశాను.

ఆ రోజు ముఠా అందరికీ భోజనాలు వాళ్ళింట్లోనే. గిలకలదిండి నుంచి వంజరం చేప తెప్పించారు. బాదం చెట్టు కింద చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టారు. పని మధ్యలో దిగను, రెండో వరస కడ్డీలు బిగించాక వస్తానని మేస్త్రి అన్నాడు. పులుసు చల్లారిపోతుందని ఆవిడ పట్టుబట్టింది. ఇనుము ఎక్కడికీ పోదు గాని ముందు అన్నం తినండి అని ఆవిడ అంటే, అతను నవ్వుకుంటూ నిచ్చెన దిగి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. అతని మనుషులూ దిగారు. ఆవిడ పిలిచిన ఆ పిలుపు లేకపోతే ఈ కథ నేను రాయగలిగేదాన్ని కాదు.

సముద్రం నుంచి రోజూ వచ్చే మధ్యాహ్నపు గాలే వచ్చింది. తుఫాను కాదు, ఈదురుగాలి కాదు. బాదం ఆకులు కాసిని రాలాయి. నేను ముద్ద కలుపుకుంటూ తలెత్తాను. మొదటి ఫ్రేము కొంచెం వంగినట్టు అనిపించింది. ఎండకి కళ్ళు చెదిరాయేమో అనుకున్నాను. ముసలాయన పడక్కుర్చీలోకి ఒరిగినట్టు నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా అది వెనక్కి వాలింది. రెండోదాని మీద ఆనింది. ఒక క్షణం ఆగినట్టే ఆగింది. ఆ తర్వాత అన్నీ పడ్డాయి.

ఇనుము పడే చప్పుడు అందరూ విని ఉంటారు, నేనూ ఎన్నోసార్లు విన్నాను. అది ఆ చప్పుడు కాదు. కింద దిమ్మల్లోంచి బోల్టులు కాంక్రీటుతో సహా పెకలించుకుని వస్తుంటే భూమి గొంతు చించుకున్నట్టుంది. నేల అదిరి కంచంలో పులుసు ఒలికింది. దుమ్ము లేచింది. అంతా అయిపోయాక కూడా నా చేతిలో ముద్ద అలాగే ఉంది. దాన్ని నోట్లో పెట్టుకోవాలో, కంచంలో వేయాలో నాకు తెలియలేదు. మతిపోవడమంటే ఏదో అరవడం, పడిపోవడం అనుకునేదాన్ని. కాదు. చేతిలో ముద్దతో ఏం చేయాలో తెలియకపోవడం.

మేస్త్రి లేచి తన మనుషుల్ని ఒక్కొక్కరినీ భుజం పట్టుకుని చూసుకున్నాడు. అందరూ ఉన్నారు. ఎవరో దేవుడా అన్నారు. ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు ఇంటాయన మామూలు గొంతుతోనే అడిగాడు.

"మా ఆవిడేది?"

"వదిన మజ్జిగ తెస్తానని ఎల్లింది," అంది చెల్లెలు.

ఇంటి వెనక దొడ్డి నుంచి బాదం చెట్టు దగ్గరికి అడ్డదారి ఆ ఫ్రేముల మధ్య నుంచే.

అందరం పరుగెత్తాం. దుమ్ము ఇంకా అణగలేదు. ఆ దుమ్ములో ఇనుము అంతా ఒకదాని మీద ఒకటి నేలంతా పరుచుకుని ఉంది. ఆ మధ్యలో ఆవిడ నిలబడి ఉంది. చేతిలో తపేలా. మజ్జిగంతా చీర మీద ఒలికిపోయింది. ఆవిడ ముందు ఒక దూలం, వెనక ఒక దూలం. చేయి చాపితే రెండూ అందుతాయి. ఆ ద్వారబంధం ఆవిడ మీద పడింది, ఆవిడ చుట్టూ పడింది. మధ్యలో ఖాళీ ఉన్న చోట ఆవిడ నిలబడి ఉంది, అంతే.

ఆమె ఒంటి మీద గీత లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడడం లేదు. భర్త మొదటి దూలం దాకా వెళ్ళి ఆగిపోయాడు. దాన్ని దాటడానికి కాలెత్తలేకపోయాడు. ఎన్ని అలల మీద నిలబడ్డ మనిషో, మోకాలెత్తు ఇనుము దాటలేక అక్కడే కూలబడ్డాడు. మేస్త్రే లోపలికి వెళ్ళాడు. అమ్మా, ఇలా రండమ్మా అంటూ తపేలా తీసుకోబోయాడు. ఆవిడ వేళ్ళు ఊడిరాలేదు. తపేలాతోనే ఆవిడని నడిపించుకుంటూ బయటికి తెచ్చాడు. నీళ్ళిస్తే తాగింది. ఏడవలేదు. ఒక్క మాట మాట్లాడలేదు.

కారులో ఆవిడని అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చెల్లెలు, బావ వెంట వెళ్ళారు. ఆయన్నీ ఎక్కమన్నారు. ఎక్కలేదు.

నేను ఫోన్ చేస్తే మా కంపెనీ ఓనరుగారు గుడివాడ నుంచి హుటాహుటిన వచ్చారు. చెడ్డమనిషి కాదు. కాని భయపడ్డ మనిషి తనకంటే చిన్నవాడి కోసం వెతుక్కుంటాడు. కారు దిగుతూనే మేస్త్రి మీద పడ్డారు. తాడు సరిగా కట్టలేదన్నారు. మనుషుల ప్రాణాలతో ఆటలా అన్నారు. రేపటి నుంచి కంపెనీ యార్డుకి రావద్దన్నారు. చుట్టూ ఊరి జనం. పోలీసుల్ని పిలవాలని కూడా ఎవరో అంటున్నారు. మేస్త్రి గొంతుక్కూర్చుని రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మొదట, తాడు కట్టాను సార్ అన్నాడు. కాసేపటికి, కట్టాననే అనుకుంటున్నాను సార్ అన్నాడు. ఇంకాసేపటికి నా వైపు చూసి మెల్లగా అడిగాడు: "కట్టాను కదా మేడం? మీరు చూశారు కదా?"

పొద్దున కట్టడం చూశాను. ఆ మాటే గట్టిగా చెప్పాను కూడా. ఓనరుగారు వినిపించుకోలేదు. పొద్దున కట్టిన తాడు మధ్యాహ్నానికి ఎందుకూడిందన్నారు.  నన్ను ఆ రోజు అన్నిటికంటే భయపెట్టింది ఆ ఇనుము కాదు. అంత చేయితిరిగిన పనివాడు నా కళ్ళ ముందే తన చేతుల్ని తను నమ్మడం మానేశాడు. చేతులు ముందుకు చాపి అవెవరివో అన్నట్టు చూసుకున్నాడు.

అప్పటిదాకా ఇంటాయన అక్కడ లేడు. గేటు వైపు నుంచి వచ్చాడు. ఏదో ఈడ్చుకొస్తున్నాడు. పెద్ద తాడు. దాని చివర ఒక సిమెంటు దిమ్మ. గేటు కోసమని ఎప్పుడో పాతిన దిమ్మ, బురదతో సహా పెకలి వచ్చేసింది. దాన్ని ఓనరుగారి కాళ్ళ దగ్గర వదిలాడు.

"ఆయన్ని ఏమీ అనకండి," అన్నాడు. "ఆయన కట్టిన తాడు నేను ఇప్పాను."

 ఆయనే చెప్పుకుపోయాడు. చెల్లెలి కారు లోపలికి రావడానికి తాడు అడ్డం వచ్చిందట. ఇక్కడే దిగి నడుస్తాంలే అన్నయ్యా అని చెల్లెలు అందట. నా ఇంటికొచ్చి గేటు బయట దిగుతారా అని ఈయన మేకు నుంచి తాడు విప్పాడు. కారు వచ్చాక, మళ్ళీ అడ్డం రాకూడదని మేకుకి కాకుండా గేటు పక్క దిమ్మకి కట్టాడు. కాలవకి నీళ్ళొదిలి ఉన్నారు, అక్కడ నేలంతా నానిపోయి ఉంది.

"చూడండి, ముడి ఎలా ఉందో. మా బోటు ముడి. నేనేసింది. ఇది ఊడలేదండి. ఇది ఈ జన్మలో ఊడదు." ఆ ముడిని వేళ్ళతో పట్టుకుని లాగాడు. అది మరింత బిగుసుకుంది. "తాడు గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నానండి."

ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెల్లెలు చెప్పేది కాదు. ఊరంతా చుట్టూ ఉంది. అల్లుడుగారు ఎంత పొడుగు షెడ్డు కట్టిస్తున్నాడో చూద్దామని వచ్చినవాళ్ళే వాళ్ళంతా. వాళ్ళ ముందు నిలబడి చెప్పాడు.  మేస్త్రి ఆ ముడి వైపు, ఆ మేకు వైపు మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లేచి, మొహం కడుక్కుని, తన సామాను సర్దుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా రోజులు యార్డుకి రాలేదు. ఓనరుగారు కబురు చేసినా రాలేదు.

డాక్టర్లు ఆవిడకి అన్నీ చూసి ఏమీ లేదన్నారు. షాకు, తగ్గుతుందన్నారు. ఇంటికి తెచ్చారు. వండుతోంది, పాలు తీస్తోంది, గేదెలకి గడ్డి వేస్తోంది. మాట మాత్రం లేదు. పడిపోయిన ఇనుము అలాగే ఉంది. అటువైపు కిటికీ మూసేశారు. ఈ సంగతులన్నీ ఆయన ఫోన్లో నాకు చెప్పేవాడు. షెడ్డు వద్దు ఏమీ వద్దు, ఆ ఇనుము ఎత్తుకెళ్ళిపోండి అనేవాడు. వానలు దగ్గరకొస్తున్నాయి. గేదెలున్న తాటాకు పాక ఒకపక్క కూలిపోతోంది. ఆ మాట నేనంటే ఫోన్ పెట్టేసేవాడు.

ఆ రోజుల్లో నా సంగతి కూడా బాగాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గాని, వంటింట్లో గిన్నె జారితే చెవులు మూసుకునేదాన్ని. వంజరం వండితే వాసనకి లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. యార్డులో సగం కట్టిన ఫ్రేము కిందికి వెళ్ళాల్సి వస్తే ఫోన్ వచ్చినట్టు నటించి ఆగిపోయేదాన్ని. మీలో ఎవరికైనా పనిలో ఇలాంటిది జరిగితే దాచుకోకండి. నేను దాచుకున్నాను, అది మాననే లేదు.

కొన్నాళ్ళకి నేనే వెళ్ళాను, ఇనుము ఏంచేయాలో తేల్చుకుందామని. ఆయన మంచం మీద తలొంచుకుని కూర్చున్నాడు. నేను ఆయనతో మాట్లాడుతుంటే ఆవిడ టీ తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మేడంగారూ, షెడ్డు కావాలండి," అంది.

ఆయన తలెత్తాడు. అన్నాళ్ళ తర్వాత ఆ గొంతు వినడం ఆయనకి అదే మొదలని ఆ మొహం చూస్తేనే తెలిసింది.  ఆవిడ ఆయన వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది. పొట్టిగా కావాలంది. అన్ని పక్కలా తెరిచి ఉండాలంది. మధ్యలో స్తంభాలు కావాలంది, దగ్గరదగ్గరగా.

నాకు ఒక సంకటం వచ్చి పడింది. ఆ రోజు ఆవిడ బతికింది మధ్యలో స్తంభాలు లేకపోబట్టే. ముందు ఆవిడ కోరుకున్నట్టే స్తంభాలుంటే, వాటిలో ఏదో ఒకటి ఆవిడ మీద పడి ఉండేది. ఆ సంగతి చెప్పకుండా డ్రాయింగ్ గీసి ఇవ్వచ్చు. కాని తన స్థలంలో ఏం కట్టుకోవాలో ఎంచుకునే మనిషికి ఉన్న నిజమంతా తెలియాలి. అందుకని చెప్పాను, వీలైనంత మెల్లగా.

ఆవిడ తల ఊపింది.

"తెలుసండి. రోజూ అదే కనపడుద్ది. అయినా కావాలండి. ఆ రోజు పట్టుకోడానికి నా చుట్టూ ఏమీ లేదు మేడంగారూ. బతికానని తెలుస్తానే ఉంది గాని, ఏదైనా పట్టుకుంటే గాని నమ్మకం రాలేదు. ఏమీ అందలేదు."

అలాంటి కారణంతో డిజైను ఎంచుకున్నవాళ్ళని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. లెక్క ప్రకారం ఆ షెడ్డుకి అన్ని స్తంభాలు అక్కర్లేదు. గీశాను. ఆవిడ వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాను. ఆయన ఒక్క మాట అడ్డం చెప్పలేదు. చివర్లో మాత్రం, ఎత్తు ఇంకొంచెం తగ్గించమన్నాడు.

పాత ఇనుమే చాలావరకు పనికొచ్చింది. వంగినవి తీసేసి, పొడుగు దూలాలు కోసి పొట్టివి చేశాం. కాని నిలబెట్టడానికి మేస్త్రి రావాలి. అతను రాడు. చివరికి ఇంటాయనే పామిడిముక్కల వైపు బస్సెక్కి ఆ పల్లెటూరు వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్కడేం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు. మర్నాడు మేస్త్రి ముఠాతో దిగాడు. జోకులు లేవు. తాళ్ళు కట్టాడు. కట్టినచోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చేత్తో తాకి చూసుకున్నాడు. ఇంటాయన ఆ పని జరిగినన్నాళ్ళూ గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ బయటే దింపి నడిపించాడు.

షెడ్డు అయిపోయింది. కప్పు పడింది, తొట్లు కట్టారు. గేదెల్ని లోపలికి తోలే రోజు నన్ను రమ్మన్నారు. వెళ్ళాను. పసుపు కుంకుమలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. గేదెలు పాక దగ్గరే ఉన్నాయి, ఆవిడ పిలిస్తే గాని కదలవు. ఆవిడ షెడ్డు అంచున నిలబడిపోయింది. లోపలికి అడుగు వేయలేదు. ఆయన పక్కనే ఉన్నాడు, పద అనలేదు. మేస్త్రి, ముఠా, ఊరివాళ్ళు అందరూ ఎదురుచూస్తున్నారు.  

"మేడంగారూ," అంది ఆవిడ, "ముందు మీరెళ్ళండి."

న్యాయమే కదా. గీసినదాన్ని నేను. వెళ్ళాను. మధ్యదాకా నడిచాను. వెనక్కి తిరిగి, చూశారా, ఏం కాదు అని చెబుదామనుకున్నాను. పైన కప్పు రేకు ఎండకి సాగి టప్పుమంది. కొత్త రేకు అలా చప్పుడు చేయడం మామూలే, అది నాకు తెలుసు. కాని కాళ్ళు వణకడం మొదలెట్టాయి. ఆపుదామంటే ఆగడం లేదు. కాళ్ళ నుంచి చేతులకి పాకింది.  ఉద్యోగమంతా ఇలాంటి కప్పుల కింద తిరిగినదాన్ని, అంతమంది ముందు షెడ్డు నడిమధ్యలో నిలబడి ఏడుస్తున్నానని చెంపలు తడిశాకే తెలిసింది.

ఎవరో నా మోచేయి పట్టుకున్నారు. ఆవిడ. ఎప్పుడు లోపలికి వచ్చిందో చూడనేలేదు.  నన్ను పక్కనున్న స్తంభం దగ్గరికి నడిపించి, నా అరచేతిని దాని మీద ఆనించి, పైన తన చేయి పెట్టి ఉంచింది. ఇనుము వెచ్చగా ఉంది.

"మీక్కూడానా అక్కా?" అంది నాకు మాత్రమే వినపడేలా.

అవునన్నట్టు తలూపాను. అలా ఇద్దరం కాసేపు నిలబడ్డాం. తర్వాత ఆవిడ నా చేయి వదలకుండానే పాక వైపు తిరిగి, గొంతెత్తి గేదెల్ని పిలిచింది.